ఒక్క బోల్టు తక్కువ కారు

నేను జంతుశాస్త్రం లెక్చరర్ని. గరుగుమెట్ట జూనియర్ కాలేజీలో ఇరవై రెండేళ్లపాటు కప్పల్ని కోసి, గుండె ఎక్కడుందో, పేగులు ఎక్కడున్నాయో పిల్లలకి చూపించాను. కోసిన ఒక్క కప్పని కూడా తిరిగి కలిపి నీళ్లలోకి వదిలిన పాపాన పోలేదు. నలభై ఎనిమిదో ఏట, స్టాఫ్ రూములో టీ తాగుతుండగా ఈ సంగతి హఠాత్తుగా తట్టి, నా మీద నాకే చిరాకేసింది. చచ్చేలోగా ఒక్కటంటే ఒక్కటైనా విప్పడం కాకుండా బిగించాలనుకున్నాను. అలా కారు కట్టడం మొదలుపెట్టాను.

కారు కట్టడమేమిటి, కొనడం కదా అని మీరు అడగొచ్చు. మా ఊరు ఊరంతా అడిగింది. కోయంబత్తూరు దగ్గర ఒక షెడ్డువాళ్లు ఇనప చట్రం, ఫైబరు బాడీ, చక్రాల సామాను, నలభై ఒక్క సంచుల్లో బోల్టులు, ఒక లావుపాటి పుస్తకం లారీకెత్తించి పంపుతారు. ఇంజనూ గేరుబాక్సూ మాత్రం ఏ పాత కారులోంచో మనమే పీక్కోవాలి. పుస్తకంలో ఉన్న మూడు వందల పద్దెనిమిది అంచెలూ పూర్తి చేస్తే రెండు సీట్ల కారు తయారవుతుంది. పైకప్పుండదు. వేరే దేశాల్లో పెద్దమనుషులు సెలవురోజుల్లో సరదాకి ఈ పని చేస్తారట. మా ఊళ్లో పెద్దమనుషులు సెలవురోజుల్లో నిద్రపోతారు, మిగతా రోజుల్లో దానికి సాధన చేస్తారు.

ఇది నా సరదాగానే ఉండిపోయేది. కానీ పెదతాడివలసలో మా తోడల్లుడు లచ్చుంనాయుడు రైసుమిల్లు ప్రారంభానికి భోజనాలు పెట్టాడు. రెండో పంక్తిలో, నాలుగు వందల మంది వింటుండగా, సాంబారు గరిటె పట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"ఏటి తమ్ముడూ, కారు కడతన్నావంట? పిట్టగోడ ఎంత ఎత్తు లేపావు?"

పంక్తి పంక్తంతా పొలమారేలా నవ్వింది. నేను కూడా నవ్వేవాణ్ణే. తోడల్లుడు వెక్కిరిస్తే నవ్వెయ్యడం నాకు అలవాటు. కానీ మా ఆవిడ వరహాలు ఆడవాళ్ల పంక్తిలోంచి చటుక్కున లేచింది. చేతికి ఇంకా పప్పన్నం అంటుకునే ఉంది.

"బావా, ఇనుకో. నా పెనిమిటి కట్టిన కారెక్కే మళ్లీ నీ గుమ్మం తొక్కుతాను. అందాకా ఇటేపు రాను. ఒట్టు!"

ఒట్టు వేశాక గాని ఆవిడకి అక్క గుర్తుకు రాలేదు. లచ్చుంనాయుడి భార్య పైడితల్లి వరహాలుకి వట్టి అక్క కాదు. తల్లి పోయినప్పుడు రెండేళ్ల వరహాలుని చంకనేసుకుని పెంచిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయి గంటసేపు బండిలో కూర్చోలేదు, కాబట్టి మా ఊరు రాలేదు. మా ఊరికీ వాళ్ల ఊరికీ మధ్య ఏరు. చుట్టూ తిరిగి వెళ్తే అరవై నాలుగు కిలోమీటర్లు. అంటే నేను కారు పూర్తి చేసేదాకా అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఆ రోజు తిరుగు ప్రయాణంలో స్కూటరు వెనక వరహాలు ఏడుస్తూనే ఉంది. నేను ఏడాదిలో అయిపోతుందని చెప్పాను. నిజంగానే అలా అనుకున్నాను.

*

పుస్తకంలో మొదటి అంచె, "ముందు అన్ని భాగాలూ లెక్క చూసుకోండి, తొందరపడి ఇంజను జోలికి పోకండి" అని. నేను ఇంజను జోలికి పోయాను. పాత ఇనుము కొట్లో దొరికిన ముసలి కారు బానెట్టెత్తి తల లోపల పెడితే, తిరిగి తియ్యడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది. అప్పుడు వరహాలు రంగంలోకి దిగింది. నలభై ఒక్క సంచుల బోల్టులూ వంటింట్లో డబ్బాల్లోకి మార్చి, పెద్దవి కందిపప్పు డబ్బాలో, చిన్నవి పోపుల పెట్టెలో వేసి, ఒక్కొక్క దానికీ చీటీ అంటించింది. నాలుగు నెలలు మా ఇంట్లో చారుకి ఆవాలెక్కడున్నాయో ఎవరికీ తెలియలేదు గాని, పదమూడో నంబరు వాషరు ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. సీట్లు ఆవిడే తన మిషను మీద కుట్టింది, ముదురు ఎరుపు రెక్సిను మీద తెల్ల దారం పెట్టి.

మరి కట్టాక రోడ్డెక్కించాలి కదా అని రవాణా ఆఫీసుకి వెళ్లాను. కౌంటరులో పెద్దమనిషి నా మాట శ్రద్ధగా విన్నాడు.

"తయారైన కార్లు మా పరిధి. తయారవుతున్న కార్లు మా పరిధి కాదు."

"తయారయ్యాకే తెస్తానండీ."

"తయారు చేసిన కంపెనీ పేరు?"

"నేనే చేస్తున్నానండీ."

"మీరు కంపెనీయా?"

"కాదండీ, మనిషిని."

"ఫారంలో మనిషికి గడి లేదు," అన్నాడాయన, బాధగానే. ఫారం నాకు చూపించాడు. నిజమే, లేదు.

దిగులుగా ఇంటికొచ్చేసరికి మా గుమ్మంలో చేతిసంచీతో ఒకాయన నిలబడి ఉన్నాడు. మెడలో గుర్తింపు కార్డు, జేబులో నాలుగు రంగుల పెన్నులు. పేరు టంకాల పద్మనాభం, హోదా మండల అభిరుచుల అధికారి.

ఆ సంవత్సరమే ప్రభుత్వానికి మన ప్రజలకి సరదాలు తక్కువన్న అనుమానం వచ్చింది. ఎవరో ఏదో నివేదికలో, అభిరుచుల్లో మనం కింది నుంచి రెండో స్థానంలో ఉన్నామని రాశారట. కింది నుంచి మొదటి స్థానం ఎవరిదో కనుక్కోకుండానే, "ఇంటింటికీ అభిరుచి" పథకం పెట్టి, దాని కోసం అభిరుచుల ప్రోత్సాహక, పర్యవేక్షణ శాఖ అని ఒకటి తెరిచారు. మా మండలానికి ఐదు వందల అభిరుచులు లక్ష్యం. పద్మనాభం గారు అప్పటికి మూడు నెలలుగా ఇల్లిల్లూ తిరుగుతున్నారు. జనం చెప్పిన అభిరుచులు రెండే, నిద్ర, పక్కింటి సంగతులు. ఆ రెంటికీ శాఖ గుర్తింపు లేదు. చేసేది లేక ఇంటికో తపాలా బిళ్ల పంచిపెట్టి నాలుగు వందల తొంభై తొమ్మిది మందిని తపాలా బిళ్లల సేకర్తలుగా నమోదు చేశారు.

ఆయన మా షెడ్డులో చట్రాన్ని చూసి చేతిసంచీ కిందపడేసుకున్నారు.

"ఇది... తమరు... స్వచ్ఛందముగా చేయుచున్నారా?"

"అవునండీ."

"ఎవరి బలవంతమూ లేకుండగనే?"

"మా ఆవిడ ఒట్టు ఒకటుందండీ."

"అది ప్రోత్సాహకము కింద వచ్చును," అని ఆయన అక్కడికక్కడే నమోదు చేసేశారు. నా చేతిలో పసుపు రంగు కార్డు పెట్టారు. "ఈ కార్డు ఉన్నంత కాలము తమ వాహనము వాహనము కాదు, అభిరుచి. రవాణా శాఖ వారు కన్నెత్తి చూడజాలరు. రోడ్డు మీద తిరిగినను తమరు అభిరుచిని అనుభవించుచున్నట్లే భావింపబడును."

ఇన్నాళ్లకి ప్రభుత్వంలో నా కోసం కూడా ఒక గడి దొరికింది. ఆయనకి వరహాలు రెండు సార్లు కాఫీ ఇచ్చింది.

*

నెలకోసారి తనిఖీ. ఎనిమిదో నిబంధన ప్రకారం అభిరుచి వల్ల ఆనందం కలుగుతున్నట్టు రుజువుండాలి. తొమ్మిదో నిబంధన ప్రకారం నెలకి కనీసం నాలుగు శాతం పురోగతి ఉండాలి. పురోగతి సులువే, పుస్తకంలో అంచెలు లెక్కేస్తారు. ఆనందంతోనే పేచీ వచ్చింది. రెండో తనిఖీ నాటికి గేరుబాక్సు నా కుడికాలి బొటనవేలి మీద పడింది. వేలికి కట్టుతో, కళ్లనిండా నీళ్లతో ఉన్న నా ఫొటో తీసి పద్మనాభం గారు పైకి పంపారు. వారం తిరక్కుండా నోటీసు వచ్చింది.

"తమరి ముఖమునందు ఆనందలోపము గుర్తింపబడినది. పదిహేను రోజులలోగా ఆనందించి, ఆ విషయమును ఈ కార్యాలయమునకు రుజువు చేయని యెడల తమ అభిరుచిని శ్రమగా పరిగణించి తగు చర్య తీసుకొనబడును."

"శ్రమైతే ఏటవుద్దండీ?" అని వరహాలు అడిగింది.

"శ్రమయిన యెడల కార్మిక శాఖకు బదిలీ అగునమ్మా. అప్పుడు తమ భర్తగారికి తమ భర్తగారు కనీస వేతనము, కాళ్లకు బూట్లు ఇవ్వవలెను."

అప్పటినుంచి తనిఖీ అనగానే నేను నవ్వడం నేర్చుకున్నాను. బ్రేకు నూనె మొహాన చిమ్మినా, రేకు గీరుకుని మోచెయ్యి తెగినా, పళ్లన్నీ కనిపించేలా నవ్వేవాణ్ణి. కాలేజీలో పిల్లలు నన్ను చూసి భయపడడం మొదలుపెట్టారు. శాఖవారు మాత్రం నా నవ్వుని పోస్టరు వేయించి మండలాఫీసు గోడకి అంటించారు.

పైడితల్లి రోజూ సాయంత్రం ఫోను చేసేది. "ఒలే వరాలూ, ఎప్పుడొస్తావే? నా మోకాళ్లు చూస్తే నీకే జాలేస్తది." "బేగొచ్చేస్తానప్పా. చక్రాలు ఎక్కించీసేం." తర్వాత నెల, "స్టీరింగు బిగించీసేం." ఫోను పెట్టేశాక వరహాలు షెడ్డులోకి వచ్చి నాకు స్పానర్లు అందించేది.

పదిహేడు నెలలకి మూడు వందల ఐదో అంచె దాటాం. ఒక ఆదివారం పొద్దున్న ఇంజను మొదటిసారి మోగింది. ఆ మోతకి వీధిలో నలుగురు పరిగెత్తుకొచ్చారు, పక్కింటి గోడ మీది కోడి కింద పడింది. నేనూ వరహాలూ ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతాం. ఆ రోజు ఆనందానికి ఎవరూ ఫొటో తియ్యలేదు.

మర్నాడు పద్మనాభం గారు వచ్చారు. రిజిస్టరు తీసి, తొంభై ఆరు శాతం అని రాసి, రాసిన అంకె వంక చూసి, మా అరుగు మీద కూలబడ్డారు.

"దయచేసి పూర్తి చేయకండి," అన్నారు. ఆయన గ్రాంథికం తడబడింది.

"అదేంటండీ?"

"పద్నాలుగో నిబంధన. పూర్తయిన అభిరుచి అభిరుచి కాదు. రిజిస్టరులోంచి కొట్టివేయాలి. మండలానికి ఐదు వందలకి నాలుగు వందల తొంభై తొమ్మిదవుతాయి. ఆ ఐదు వందల్లో తపాలా బిళ్లలు పోను నికరంగా ఉన్నది మీరొక్కరే, మాస్టారూ. పైనుంచి ఎవరొచ్చినా మిమ్మల్నే చూపిస్తున్నాను."

"నా కార్డు సంగతేమిటి?"

"రద్దు. తమ అభిరుచి ఆ క్షణము నుండి వాహనము. కంపెనీ లేని వాహనము. రోడ్డెక్కితే జప్తు."

వరహాలు తలుపు దగ్గర నిలబడి ఇదంతా వింది. "పూర్తి కాపోతే రోడ్డెక్కదు. పూర్తయితే రోడ్డెక్కనివ్వరు. మరి దేనికండీ బాబూ మాకీ కార్డిచ్చారు?" అని అడిగింది. పద్మనాభం గారు మనసున్న మనిషే. తల దించుకున్నారు.

"పూర్తి చెయ్యను లెండి. ఆపేస్తాను," అన్నాను నేను, విసుగ్గా.

"అయ్యో, ఆపరాదు! నెలకు నాలుగు శాతము పురోగతి తప్పనిసరి!"

*

పూర్తి చెయ్యకూడదు, ఆపకూడదు. ఈ చిక్కుని పద్మనాభం గారు పైకి రాశారు. పైవాళ్లు ఇంకా పైకి రాశారు. నెల తిరిగేసరికి పరిష్కారం మా ఇంటికి సైకిలు మీద వచ్చింది. దాని పేరు గౌరీసు. వయసు యాభై రెండు. కరెంటాఫీసులో మిగులు సిబ్బంది కింద తేలితే, శాఖ ఆయన్ని తెచ్చుకుని కొత్త పోస్టులో వేసింది. హోదా, విప్పుదల సహాయకుడు.

"ఏం చెయ్యాలి నువ్వు?" అని అడిగాను.

"మీరు నెలంతా బిగించింది నాను ఒకటో తారీకున ఇప్పీయాలి బాబూ. నాలుగు శాతం. రసీదిస్తాను."

అన్న మాట ప్రకారం మొదటి నెల స్టీరింగు విప్పి, గోనెసంచిలో కట్టి, లక్కముద్ర వేసి, రసీదిచ్చి తీసుకెళ్లాడు. రెండో తారీకున అదే స్టీరింగు "అభిరుచి కొనసాగింపు నిమిత్తం" నాకు తిరిగిచ్చాడు. నేను బిగించాను. నాలుగు శాతం పురోగతి. ఒకటో తారీకున మళ్లీ విప్పాడు. ఒక నెల గౌరీసుకి కామెర్లు వచ్చి సెలవు పెట్టాడు. విప్పడానికి మనిషి లేడు కనుక నేను బిగించకూడదని ఉత్తర్వు వచ్చింది. బిగించలేదు కనుక పురోగతి లేదని మెమో వచ్చింది. రెండూ ఒకే కవరులో వచ్చాయి.

ఇలా పద్నాలుగు నెలలు గడిచాయి. చేతులు అలవాటు పడి నేను కళ్లు మూసుకుని స్టీరింగు బిగించేస్తున్నాను, గౌరీసు కబుర్లు చెబుతూ విప్పేస్తున్నాడు. రాష్ట్రంలో అత్యుత్తమ విప్పుదల సహాయకుడిగా అతనికి ప్రశంసాపత్రం వచ్చింది. అది చూపించడానికి వచ్చినప్పుడు పాపం సిగ్గుపడ్డాడు. "మేస్టారూ, మనసులో మాట సెప్తాను. ఏ నెలకా నెల ఈపాలైనా ఎవులూ సూడకుండా అమ్మగోర్ని ఎక్కించుకుని ఎలిపోండి అందావనుకుంతాను. నోరు రాదు. నా ఉజ్జోగం దీనిమీదుంది."

ఆ సాయంత్రం పైడితల్లి ఫోనులో ఏమీ అడగలేదు. "ఎప్పుడొస్తావే" అనలేదు. వానలు పడ్డాయని, మిల్లు బాగా నడుస్తోందని చెప్పి పెట్టేసింది. వరహాలు చాలాసేపు ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చుంది. నాకు కోపం ముంచుకొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. అభిరుచుల నిబంధనావళి తీసి, మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. మూడో రోజుకి దొరికింది.

రెండో నిబంధన, ఉపనిబంధన ఆరు. "పూర్తి అనగా, పెట్టెలో వచ్చిన భాగములన్నియు, ఏ ఒక్కటియు మినహాయింపు లేకుండగా, బిగింపబడుట."

ఏ ఒక్కటియు! వరహాలు సీటుకి నాలుగు బోల్టులు. మూడింటితో సీటు కొంచెం కదులుతుంది గాని ఊడిపోదు. ఆ నాలుగోది బిగించకుండా జేబులో పెట్టుకుంటే కారు నడుస్తుంది, పూర్తి కాదు, కాబట్టి అభిరుచే. అభిరుచికి పసుపు కార్డుంది. కార్డుంటే రోడ్డుంది. ఇక నెలకి నాలుగు శాతం పురోగతంటారా, ఆ బోల్టు బిగించాలా వద్దా అని యజమాని చేసే ఆలోచననే పురోగతిగా పరిగణించమని పదకొండు పేజీల విన్నపం రాశాను. పాతికేళ్ల సర్వీసులో అంత చక్కటి తెలుగు నేనెప్పుడూ రాయలేదు.

పద్మనాభం గారు చదివి, లేచి నిలబడి, నా రెండు చేతులూ పట్టుకున్నారు. "మాస్టారూ, తమరు శాఖను రక్షించితిరి!"

విన్నపం రాజధానికి వెళ్లింది. నలభై రోజుల్లో ఉత్తర్వయి వచ్చింది. "ఒక్క భాగము తక్కువగా నున్న ఏ పనియైనను, అది ఎంత ఉపయోగకరముగా నున్నను లేకున్నను, అభిరుచిగా పరిగణింపబడును." షరతొకటే, కారు ఇంటి నుంచి పాతిక కిలోమీటర్లు దాటకూడదు. మండలాఫీసులో సభ పెట్టి నాకు శాలువా కప్పారు. ఈ ఉత్తర్వుని అన్ని శాఖలకీ పంపిస్తున్నామని, అందరూ నా బాటలో నడవాలనీ జిల్లా స్థాయి అధికారి ఒకాయన ఉపన్యసించారు. నేనూ మాట్లాడాను. బిగించడంలోకన్నా బిగించకుండా ఉండడంలోనే నిగ్రహం ఉందన్నాను. చప్పట్లు కొట్టారు. అప్పుడే ఏవో అనుబంధ జాబితాలు పద్దెనిమిది పేజీలు తెచ్చి, ఆదర్శ అభిరుచిదారుగా సాక్షి సంతకం పెట్టమన్నారు. ఉత్సాహంలో ఉన్నాను. చదవకుండా పెట్టేశాను.

తర్వాత నెలల్లో ఊళ్లో కొన్ని వింతలు జరిగాయి. బడికి కొత్త గది కట్టి తలుపు పెట్టలేదు. నీళ్ల ట్యాంకు కట్టి గొట్టం కలపలేదు. ఆసుపత్రిలో లిఫ్టు పెట్టి బొత్తాము పెట్టలేదు. అన్నిటి మీదా పసుపు కార్డులు. మా మండలం లక్ష్యంలో మూడు వందల నలభై శాతం సాధించింది. నాలుగు వందల తొంభై తొమ్మిది మంది చేత తపాలా బిళ్లలు వెనక్కి ఇప్పించేశారు. నేను పేపర్లో చదివి నవ్వుకున్నాను. ఈసారి నిజంగానే నవ్వాను.

*

పెదతాడివలస చుట్టూ తిరిగి వెళ్తే అరవై నాలుగు కిలోమీటర్లని చెప్పాను కదా. నాకు అనుమతి పాతికే. కానీ ఏటి మీద కొత్త వంతెన లేస్తోంది, దాని మీదుగా అయితే ఇరవై ఒకటే. "ఒక్క పలకుండిపోయింది తమ్ముడూ, పదిరోజుల్లో ఏసేత్తారంట" అని లచ్చుంనాయుడే సంక్రాంతి ముందు ఫోనులో చెప్పాడు. ఆయన వెక్కిరింపు మానేసి చాలాకాలమైంది. భార్య ఏడుపు రోజూ చూస్తున్నాడు. నేను పది రోజులకి బదులు రెండు నెలలు ఆగాను. ప్రభుత్వం పని కదా, కాస్త ఎడం ఇవ్వాలి.

మార్చి మొదటి ఆదివారం బయల్దేరాం. గౌరీసు సెలవురోజని కూడా చూడకుండా వచ్చి, నిమ్మకాయలు చక్రాల కింద పెట్టి, దిష్టి తీశాడు. వరహాలు కొత్త చీర కట్టుకుంది. ఒళ్లో అరిసెల డబ్బా. మూడు బోల్టుల సీటు మలుపు మలుపుకీ అటూ ఇటూ ఊగుతుంటే ఆవిడ నా భుజం పట్టుకుని నవ్వుతూనే ఉంది. పైకప్పు లేదు కనుక దార్లో ఉన్న పొలాలూ, మనుషులూ అందరూ మమ్మల్ని చూశారు. కల్లాల్లో మినుములు ఆరబోస్తున్న ఆడవాళ్లు "ఓలమ్మో, ఇదేం బండే!" అని పరిగెత్తుకొచ్చారు. ఒక చోట పోలీసు ఆపాడు. కార్డు చూపించి, జేబులోంచి బోల్టు తీసి చూపించాను. సెల్యూట్ కొట్టి పంపాడు. మూడేళ్ల కష్టం ఆ ఇరవై కిలోమీటర్లలో ఎక్కడికక్కడ రాలిపోయింది. నేను చాలా సుఖంగా ఉన్నానని గట్టిగా పైకే అన్నాను. వరహాలు నేనూ అంది.

వంతెన ఎక్కాం. కొత్త సిమెంటు, తెల్లటి రెయిలింగు, రెండు పక్కలా దీపాల స్తంభాలు. నడిబొడ్డుకి వచ్చేసరికి అడ్డంగా పీపాలు పెట్టి ఉన్నాయి. బ్రేకు వేశాను. పీపాల అవతల రోడ్డు లేదు. ఒక పలక మేర, నలభై అడుగులు, వట్టి గాలి. ఆ గాలికి అవతల మళ్లీ వంతెన, మళ్లీ రెయిలింగు, మళ్లీ దీపాలు. అక్కడ లచ్చుంనాయుడి కారు, పక్కన కుర్చీ, కుర్చీలో పైడితల్లి. ఎదురు రావాలని ఆవిడ పట్టుబట్టి అక్కడిదాకా వచ్చినట్టుంది. పలక వెయ్యలేదని వాళ్లకీ అక్కడికొచ్చాకే తెలిసుండాలి.

పీపాల మీద పసుపు బోర్డు. వరహాలు దాన్ని కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"ప్రజలకు విజ్ఞప్తి. ఈ వంతెన నమోదిత అభిరుచి. ఒక పలక తక్కువగా విజయవంతముగా కొనసాగుచున్నది. ఎవరును పూర్తి చేయరాదు. ఆధారము, గరుగుమెట్ట బెవర భానోజీరావు గారి బోల్టు కేసులో వెలువడిన ఉత్తర్వు. సాక్షి, బెవర భానోజీరావు."

చదవడం అయ్యాక ఆవిడ నా వైపు చూడలేదు. "మీ పేరు తప్పుల్లేకుండా రాసారండి," అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పద్దెనిమిది పేజీలు. ఒక్క పేజీ తిరగేసి ఉంటే సరిపోయేది.

అవతలి నుంచి లచ్చుంనాయుడు చేతులు నోటికి అడ్డం పెట్టుకుని కేకేశాడు.

"తమ్ముడూ! కారు బెమ్మాండంగా ఉందిరా! నాను ఓడిపోయాను, ఒప్పుకుంతన్నాను! కానొరే, కారు తెచ్చావు గాని రోడ్డు తేలేదేటి?"

వెక్కిరింపు కాదది. నిజంగానే అడిగాడు.

వరహాలు తలుపు తీసుకుని దిగింది. చెప్పులు విప్పి సీటు కింద పెట్టింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, అరిసెల డబ్బా నెత్తికెత్తుకుంది. వంతెన పక్క నుంచి ఏట్లోకి పనివాళ్ల కాలిబాట ఉంది. ఏట్లో నీళ్లు చీలమండ లోతు.

"మరి ఒట్టో? కారెక్కే గుమ్మం తొక్కుతానన్నావు," అన్నాను.

"నా ఒట్టులో కూడా ఒక బోల్టు తక్కువని రాసుకోండి," అని ఆవిడ గట్టు దిగిపోయింది.

ఇసకలోంచి, నీళ్లలోంచి, వెనక్కి చూడకుండా నడిచింది. పైడితల్లి కుర్చీ చేతులు పట్టుకుని లేవబోయి, లేవలేక, మళ్లీ లేవబోతోంది. లచ్చుంనాయుడు ఆవిడ నడుం పట్టుకుని నిలబెట్టాడు. అవతలి వంతెన మీద అక్కాచెల్లెళ్లు ఒకరి మెడ ఒకరు వాటేసుకుని ఏడవడం ఇవతలికి వినిపించింది. నేను నా పేరున్న బోర్డు ముందు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. ఇంజను మాత్రం చక్కగా నడుస్తోంది.